నీరసం నీరసం

ఆలివ్ కాయ దులిపే రోజులు. హాయెన్ కొండల్లోని ఆ ఊళ్లో ఎవరు నోరు విప్పినా మాట జంటగా పడుతుంది. కాఫీ వేడి వేడిగా ఉండాలి, నూనె కొత్త కొత్తది కావాలి. ఉత్త వేడి అంటే గోరువెచ్చనని అర్థం. ఫెర్మీన్ ఒక్కడికే ఆ అలవాటు లేదు. ఏదైనా ఒకసారి అంటాడు, ఊరుకుంటాడు. "నీ నోట్లో మాటలేమైనా అరిగిపోతాయా?" అని భార్య కసీల్దా ముప్పై ఎనిమిదేళ్లుగా దెప్పుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం అతను కాయ దులిపే కర్ర పక్కన పడేసి, కాయ రాలేందుకు చెట్టు కింద పరిచిన వల మీదే కూర్చుండిపోయాడు. రొట్టె అందిస్తే వద్దన్నాడు.

"నీరసంగా ఉందే," అన్నాడు. చెట్టు మొదలుకు ఆనుకుని, "నీరసం నీరసంగా ఉంది."

కసీల్దా చేతిలో రొట్టె అక్కడే వదిలేసింది. అతన్ని జీపెక్కించి, తనే నడుపుకుంటూ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది.

"నొప్పి ఉందా?" అడిగాడు కిటికీ దగ్గరి నర్సు.

"లేదు," అన్నాడు ఫెర్మీన్.

"కాయ కోతల్లో అందరికీ నీరసమేనమ్మా. ఇంటికెళ్లి పడుకోబెట్టండి, రేపు రండి."

"నీరసం కాదు నాయనా, నీరసం నీరసం అన్నాడు."

"రెండూ ఒకటేగా!"

"నీకూ నాకూ ఒకటే. ఈయన పెళ్లినాడు కూడా నన్ను 'బాగున్నావు' అని ఒక్కసారే అన్నాడు. వాళ్లమ్మ పోయిననాడు 'బాధగా ఉంది' అని ఒక్కసారే అన్నాడు. డాక్టరమ్మ చూసేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

"పోదాం పదవే, అందరూ చూస్తున్నారు," గొణిగాడు ఫెర్మీన్.

"నువ్వు నోర్మూసుకుని కూర్చో!"

ఆమె వెళ్లి డాక్టరు గది తలుపుకు అడ్డంగా నిలబడింది. వరుసలో ముందున్న ముసలాయన లేచాడు. "నా వంతు వాళ్లకిచ్చెయ్యండి. ఫెర్మీన్ సంగతి నాకు తెలుసు."

గోల విని డాక్టరు నూరియా బయటికొచ్చింది. కసీల్దా చెప్పింది విని, పాలిపోయిన ఫెర్మీన్ మొహం చూసి, నవ్వకుండా లోపలికి రమ్మంది. గుండె పరీక్ష కాగితం సగం బయటికి వచ్చేసరికే, "అంబులెన్సు పిలవండి, ఇప్పుడే!" అని కేకేసింది.

పెద్దాసుపత్రిలో ఆ సాయంత్రమే పూడుకుపోయిన రక్తనాళం తెరిచారు. గుండెపోటు కొందరికి నొప్పి లేకుండానే వస్తుందనీ, ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదనీ అన్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్న కసీల్దా వరండాలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

నాలుగో రోజు అతను లేచి నాలుగడుగులు వేశాక, ఆడపడుచును అతని పక్కన కూర్చోబెట్టి, కసీల్దా పొద్దున బస్సుకు ఊరొచ్చింది. ఇంకా నలభై చెట్ల కాయ మిగిలే ఉంది. బూట్లు తొడుక్కుని నేరుగా తోటలోకి నడిచింది.