ఐసుపెట్టెలో చోటు

“అటునుంచటే పెరటి బాత్‌రూంలోకి వెళ్ళు. ఇల్లంతా పెట్రోలు కంపు” అంటుంది మా అత్తగారు, నేను పని నుంచి వచ్చిన ప్రతిసారీ. నా బట్టలకి విడిగా ఒక బకెట్టు ఉంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. నేను వడ్డిస్తుంటే మా ఆయన నా చేతిని ముక్కు దగ్గరికి తీసుకుంటాడు, ముద్దుకి కాదు. “ఇంకాస్త సబ్బు రుద్దుకోలేకపోయావా?” అంటాడు. వాసన వస్తోందంటే వస్తోందని మా ఇంట్లో అందరూ నమ్ముతారు. ఆ మాత్రం అదృష్టం కూడా లేని ఆడపిల్ల ఒకతి ఉందని ఈమధ్యే తెలిసింది.

ఒక పెట్రోలు బంకులో భూమిలో పాతిన పాత ట్యాంకుకి చిల్లు పడింది. ఎన్నాళ్ళ నుంచి కారుతోందో ఎవరికీ తెలియదు. కారిన పెట్రోలు మట్టిలోకి ఇంకి, అడుగున ఉన్న నీటిని చేరి, దానితోపాటే ప్రయాణం కడుతుంది. అది ఎంతదూరం వెళ్ళిందో తేల్చి, అంతమేరా మట్టినీ నీటినీ శుభ్రం చేయడం మా కంపెనీ పని. బంకు ప్రహరీ లోపల సంగతి తేలిపోయింది, తవ్విన చోటల్లా మట్టి నల్లగా, జిడ్డుగా ఉంది. తేలాల్సింది గోడకి అవతల ఉన్న ఇల్లు. వాళ్ళ బోరు నీటిలో పెట్రోలు ఉంటే మా పని వాళ్ళ పెరట్లోకీ వెళ్తుంది, లేకపోతే గోడ దగ్గరే ఆగిపోతుంది.

“మీరు వెళ్ళండి మేడం, ఆడవాళ్ళకైతేనే తలుపు తీస్తారు” అన్నాడు మా మేనేజరు. తీసింది ఆ ఇంటి కోడలు, చంకలో పసిబిడ్డతో. అత్తగారు ముందు గదిలో ఉందని గొంతు తగ్గించి చెప్పింది. “అక్కా, నీళ్ళు కాస్తే పెట్రోలు వాసనొస్తోంది. మా ఆయనకి రాదంట, మా అత్తయ్యకీ రాదంట. పురుడయ్యాక నా ముక్కు పాడైందంటున్నారు.”

రాదు మరి. వాళ్ళు గ్లాసెత్తి చల్లటి నీళ్ళు తాగేవాళ్ళు. స్నానాలకి నీళ్ళు కాచేదీ, బిడ్డ పాలసీసాలు ఉడకబెట్టేదీ, పొయ్యి దగ్గర నిలబడేదీ ఈ పిల్ల. నీళ్ళు వాళ్ళకి, ఆవిరి ఈమె మొహానికి.

పెట్రోలు పారిపోయే రకం. సీసా అంచుదాకా నింపాలి, మూత కింద చిన్న బుడగైనా మిగలకూడదు, వెంటనే ఐసులో పెట్టాలి. గాలి తగిలినా, వేడి తగిలినా చల్లగా జారుకుంటుంది, ఆనక పరీక్షిస్తే ఉత్త నీళ్ళే దొరుకుతాయి. నేను వాళ్ళ బోరు దగ్గర సీసాలు నింపి, తలకిందులు చేసి, వేలితో తట్టి చూసి, ఐసుపెట్టెలో సర్ది, బంకులో మట్టి తీయడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఐసుపెట్టెలో మేనేజరుగారి కూల్‌డ్రింకులు తీరుబడిగా పడుకుని ఉన్నాయి. నా సీసాలు కారు వెనకసీట్లో ఎండ కాగుతున్నాయి.

“ఎండలు చూశారుగా మేడం. నీళ్ళే కదా, వాటికేమవుతుంది?”

మళ్ళీ తీయాలి సార్ అన్నాను. చూద్దాంలెండి అని, వాటినే ల్యాబుకి పంపేశాడు. పెట్రోలు ఆనవాలు లేదని రిపోర్టు వచ్చింది. “ల్యాబే చెప్పాక ఇంకేంటి? సంతకం పెట్టేయండి” అన్నాడు. ఈ కబురు నాకన్నా ముందే ఆ ఇంటికి చేరింది. నేను గేటు ముందునుంచి వెళ్తుంటే అత్తగారు పిలిచి మరీ చెప్పింది. “చూశావా అమ్మాయ్, మా కోడలి ముక్కుకే రోగం!” వెనకే నిలబడ్డ కోడలు నా వంక చూసింది. ఆ చూపుకి తల దించుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు. “ఒక్క సంతకంతో పోయేదానికి ఇంత రాద్ధాంతమా? కాస్త సర్దుకుపో.” పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్న మాటే. ఆ టీవీ ఉన్నచోట నేను రాసుకునే బల్ల ఉండేది. టీవీ పెద్దది కొన్నారు, బల్ల వరండాలోకి వెళ్ళింది, వానకి ఉబ్బి విరిగింది. ఆడపడుచు వచ్చినప్పుడల్లా నా బీరువా అర ఖాళీ అవుతుంది. నా ఆదివారం ఎవరికి కావలిస్తే వాళ్ళది. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. వాళ్ళ వస్తువుకి చోటు కావాల్సొచ్చినప్పుడల్లా నన్ను తీసి వెనకసీట్లో పెట్టారు, అంతే. నీళ్ళే కదా, ఏమవుతుంది? బంధువులంతా నాకు ఏ కష్టమూ లేదనే అనుకుంటారు. ఇప్పుడు నన్ను పరీక్షకి పంపినా ఏమీ లేదనే వస్తుందేమో. ఆ ఆలోచనకి భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. “మధ్యాహ్నం నా ఫ్రెండ్స్ భోజనానికొస్తున్నారు, గుర్తుందిగా?” అని మా ఆయన వెనకనుంచి కేకేశాడు. గుర్తుంది.

వాళ్ళ పెరట్లో నేను బోరు మోటారు వేసి పైపులో నిలవనీళ్ళు పోయేదాకా ఆగుతుంటే, ఆ కోడలు గిన్నెడు నీళ్ళు కాచి తెచ్చింది. “మీరూ వాసన చూడండక్కా.” వంగి చూశాను. నాకేమీ తెలియలేదు. ఆమె మొహం పాలిపోయింది. “మీక్కూడా రాలేదా?”

“ఏళ్ళ తరబడి ఇందులోనే పడి నా ముక్కు మొద్దుబారింది. పాడైంది నాది, నీది కాదు. అందుకే సీసాలు తెచ్చా.”

బిడ్డని మంచం మీద పడుకోబెట్టి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. ఆఖరి సీసా తలకిందులు చేయగానే తనే పట్టేసింది. “బుడగుందక్కా.” పారబోసి, మళ్ళీ నింపాం. వాళ్ళ అత్తగారు కిటికీలోంచి చూస్తూనే ఉంది.

ల్యాబు సోమవారం గాని తెరవరు, పెట్టెలో ఐసు అందాకా ఆగదు. దారిలోనే మేనేజరుకి మెసేజ్ పెట్టాను, మళ్ళీ నీళ్ళు తీశానని, పాత రిపోర్టు మీద సంతకం పెట్టనని. ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిస్తే పై అర నిండా వచ్చేవాళ్ళకోసం తెచ్చిన కూల్‌డ్రింకులు. ఒక్కొక్కటే తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. నా సీసాలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఆ అరలో ఉంచి తలుపు మూశాను.

“తినే వస్తువుల పక్కన ఆ పాడు పెట్రోలా!” అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. మా ఆయన పరుగున వచ్చాడు. “ఇవెందుకు బయట పెట్టావ్? వేడెక్కిపోవూ?” అంటూ ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాడు. నేను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

“తీయకండి. రేపటిదాకా ఆ చోటు నాది. డ్రింకులే కదా, ఏమవుతుంది? వాటిని కాస్త సర్దుకోమనండి.”