రంగు లేని మందు

"ఆగండమ్మా! బుడగుంది."

పెద్దిరాజు చెయ్యి అడ్డం పెట్టాడు. సిరంజి పట్టుకున్న వినీల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పొద్దున్న ఏడింటి నుంచీ ఆమె కూర్చున్నది లేదు. ముప్పై మంచాల వార్డుకి ఒక సిస్టరు, ముగ్గురు విద్యార్థినులు. నర్సింగ్ రెండో ఏడు చదివే పిల్లలకి జీతం ఇవ్వక్కర్లేదు. భీమవరంలోని ఆ ప్రైవేటు ఆస్పత్రిలో సగం పని వాళ్ళ చేతుల మీదే నడుస్తోంది.

"తీసేస్తానండి. మీరు చెయ్యి తియ్యండి."

"నాలుగ్రోజుల్నించీ సూత్తన్నానండి. సదూకునే పిల్లల సేత ఏయిత్తన్నారు. గాలి నరంలోకెల్తే మడిసి దక్కుద్దా? అందుకే దీని సెయ్యి తగ్గట్లేదు."

మంచం మీద అతని భార్య బుల్లెమ్మ కళ్ళు మూసుకుని ఉంది. రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులు ముంచి తలలు వలిచే మనిషి. కిలోకి పన్నెండు రూపాయలు. రొయ్య ముల్లు దిగిన చూపుడు వేలు వాచి, వాపు మణికట్టు దాకా పాకింది. ఇంకో రెండు రోజుల్లో లొంగకపోతే వేలు తీసెయ్యాలని డాక్టరు ఆ ఉదయమే చెప్పి వెళ్ళాడు. వేలు లేని మనిషిని షెడ్డు మేస్త్రీ లోపలికి రానివ్వడు.

వినీల సూదిని పైకెత్తి సిరంజిని గోటితో తట్టింది. గోడకి అంటుకున్న చిన్న చిన్న బుడగలు ఒక్కొక్కటే పైకి చేరాయి. మెల్లగా నొక్కింది. గాలి పోయి సూది మొనన ఒక చుక్క నిలిచింది. ఇంకేమైనా మిగిలాయేమోనని సిరంజిని కిటికీ వెలుతురుకి పెట్టింది.

మందు మంచినీళ్ళలా ఉంది.

ఈ మందు సీసాలో పొడిగా వస్తుంది; కాలేజీ లాబ్‌లో దాన్ని తన చేత్తోనే కలిపింది. నీళ్ళు పడగానే లేత పసుపు రంగు వస్తుంది. ఇందులో పసుపు ఛాయైనా లేదు. సోమవారం నుంచీ, రోగుల వాళ్ళు కొనిచ్చిన సీసాలు తీసుకుని దుర్గాశ్రీ సిస్టరు డ్రెస్సింగ్ రూములో ఒక్కతే మందు కలిపి, సిరంజిలు ట్రేలో పెట్టి ఇస్తోంది. గాలి తీసి వెయ్యడమే పిల్లల పని. ఈ మందు వాడే రోగులు వార్డులో ఆరుగురు. బకెట్లో ఖాళీ సీసాలు మాత్రం రెండే కనిపించాయి. రెండు మధ్యాహ్నాలు సిస్టరు అట్టపెట్టె పట్టుకుని కిందున్న మందుల షాపుకి వెళ్ళడం కూడా చూసింది. అప్పుడేమీ అనిపించలేదు.

"ఇప్పుడే వస్తానండి," అని డ్రెస్సింగ్ రూములోకి వెళ్ళింది.

"సిస్టర్, పద్నాలుగో బెడ్ మందుకి రంగు లేదండి."

దుర్గాశ్రీ తలెత్తలేదు. "కంపెనీ మారింది."

"సీసా ఒకసారి చూపిస్తారా?"

ఈసారి తలెత్తింది. "నీ ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం పెట్టేది ఎవరు?"

"మీరేనండి."

"మరి గాలి తీసి ఇచ్చేసిరా." తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నాకూ పైనుంచి చెప్పేవాళ్ళున్నారే. ఇద్దరు పిల్లలున్నారు నాకు. వెళ్ళు."

నిజంగా కంపెనీ మారిందేమో. అలా అనుకుంటే ఎంత హాయి! సంతకం పడకపోతే ఏడాది పోతుంది. మొగల్తూరు దగ్గర ఊళ్ళో వరి కలుపు తీసే తల్లి దేవకుమారి, కూతురు నర్సమ్మ అయిపోయినట్టే చర్చిలో అందరికీ చెప్పుకుంటోంది. వినీల మంచం దగ్గరికి వచ్చి, బుల్లెమ్మ చేతి నరంలో గుచ్చి ఉంచిన క్యాన్యులా మూత విప్పింది.

బుల్లెమ్మ కళ్ళు తెరిచింది. "ఏసెయ్యమ్మా. ఆయన మాటలకేం గానీ. నువ్వేత్తే నొప్పి తెలీదు."

ఈ నాలుగు రోజులూ నొప్పి తెలియకుండా తను ఎక్కించింది ఏమిటి? మూత మళ్ళీ బిగించింది. సూదికి తొడుగు పెట్టేసింది.

"ఈ ఇంజెక్షన్ నేను వెయ్యనండి."

"బుడగ పోలేదా?" అన్నాడు పెద్దిరాజు.

"బుడగ పోయిందండి. మందు ఉందో లేదో నాకు తెలీదు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఈ పిల్ల తన తప్పు కప్పిపుచ్చుకుంటోందేమోనన్న అనుమానం ఆ చూపులో ఇంకా ఉంది.

"మీరు డబ్బు పెట్టి కొన్న సీసా అడగండి. మీ కళ్ళ ముందే సీలు తీసి కలుపుతాను. లేత పసుపు రంగు రావాలి, వస్తుందో లేదో మీరే చూడండి."

వార్డు గుమ్మంలో దుర్గాశ్రీ నిలబడి ఉంది. "వినీలా! ఆ సిరంజి ఇటు తే."

వినీల కదల్లేదు.

"నాకియ్యండమ్మా," అని పెద్దిరాజు చెయ్యి చాపాడు. ఇచ్చింది. దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు.

"ఏంటండీ అది? పేషెంటు మనుషులు ముట్టుకోకూడదు! ఇచ్చెయ్యండి," అంటూ దుర్గాశ్రీ మంచాల మధ్యనుంచి గబగబా వచ్చింది.

"ఇయ్యనండి. ముందు మా సీసా తెండి."

పక్క మంచం దగ్గర ముసలి తల్లికి కాపలా ఉన్న వీరదుర్గ, ట్రేలో తమ మంచం నంబరు వేసి ఉన్న సిరంజి వైపు ఒకసారి చూసింది. చూసి, తల్లి చేతికున్న క్యాన్యులా మీద తన అరచెయ్యి కప్పి గట్టిగా పట్టుకుంది.