తుమ్మరంగు రవికెలు

సువార్తమ్మ కాపురానికి వచ్చిన రోజున కొత్తమెరక పేటలో ఆడవాళ్ళు ఆమె మొహం కన్నా ముందు రవికె చూశారు. నరసాపురంలో దొరసానుల బడిలో చదివిన పిల్ల గనక, భుజాల దగ్గర బుడగల్లా ఉబ్బిన చేతుల గౌను వేసుకుని పడవ దిగుతుందని అందరూ అనుకున్నారు. దిగిన అమ్మాయి మామూలు నేతచీర కట్టుకుని, గోధుమరంగు రవికె తొడుక్కుని ఉంది. ఒంటికి అచ్చు పోసినట్టు అమరిన ఆ రవికెకు చేతుల అంచున వేలెడు వెడల్పున తెల్లటి లేసు. అంతకుమించి ఏ హంగూ లేదు. అయినా రేవులో ఉన్న అంతమంది ఆడవాళ్ళలోనూ చూపు పోయి ఆమె మీదే నిలిచింది.

"అదేం గుడ్డే అమ్మాయ్?" అని అడిగింది చిట్టెమ్మ. పేటలో అందరికంటే నోరున్న మనిషి.

"పాత దుప్పటండి. తుమ్మచెక్క కషాయంలో ఉడకేశాను."

తుమ్మచెక్క కషాయం చేపలవేటకు వెళ్ళేవాళ్ళు వలలకు పట్టిస్తారు. వలకు పట్టించే రంగును ఒంటిమీద వేసుకున్న మనిషిని పేట అంతకుముందు చూడలేదు. చిట్టెమ్మ నవ్వబోయి, ఎందుకో నవ్వలేక, రవికె అంచు వేళ్ళతో పట్టుకుని చూసింది.

సువార్తమ్మ మొగుడు అబ్రహాము పేట బడిలో పంతులు. జీతం చిన్నది. ఇంట్లో అతని తల్లి సంపూర్ణమ్మ, పెళ్ళికాని చెల్లెళ్ళు ఇద్దరు. సంపూర్ణమ్మ పల్లంరాజు గారి పొలాల్లో ఊడ్పులకూ కోతలకూ వెళ్ళేది. ఏడాదికి ఒకసారి, క్రిస్మసుకు ముందు, ఆ ఇంటికి ఒక తాను ముతకగుడ్డ వచ్చేది. అయిదుగురూ ఏడాదంతా దానితోనే గడుపుకోవాలి.

మొదటి ఏడు ఆ తానును సువార్తమ్మ నేలమీద పరిచి, కత్తెర పక్కన పెట్టుకుని, ఒక పూటంతా చూస్తూ కూర్చుంది. "గుడ్డతో మాట్లాడుతోందా ఏంటి నీ పెళ్ళాం?" అని సంపూర్ణమ్మ కొడుకును అడిగింది. మధ్యాహ్నం దాటాక సువార్తమ్మ కత్తెర పట్టింది. అప్పుడు ఎక్కడా ఆగలేదు. మొగుడి చొక్కా చంకల దగ్గర తీసిన ముక్కలు చిన్న ఆడబిడ్డ రవికెకు భుజాలయ్యాయి. ఆడబిడ్డల బట్టలకు అంచుల్లోనూ పక్కల్లోనూ లోపలికి మడతలు పెట్టి వదులుగా కుట్టింది. వాళ్ళు ఎదిగినప్పుడల్లా ఒక్కొక్క మడతే విప్పుకోవచ్చు. అబ్రహాము పంచెలు ఎప్పుడూ నడుమనే చిరుగుతాయనీ, అంచులు గట్టిగానే ఉంటాయనీ కనిపెట్టి, అంచుల్ని కోసి దాచింది. పని ముగిశాక నేలమీద మిగిలిన పీలికలు గుప్పెడు లేవు.

"దొరసానులు ఇదే నేర్పారా?" అన్నాడు అబ్రహాము.

"వాళ్ళు ఉబ్బుచేతులు నేర్పేరండి. ఆ రెండు చేతుల్లో పట్టే గుడ్డతో ఒక పిల్లకి రవికె అవుతుందని అన్నానని నన్ను మూల నిలబెట్టేరు కూడాను."

అబ్రహాము నవ్వాడు. తన భార్య మూల నిలబడినా మాట మార్చుకునే రకం కాదని అప్పుడే గ్రహించాడు.

ఆమె పద్ధతి ఆమెకుంది. తనకు రెండే రంగులు, తుమ్మ గోధుమ, తెలుపు. నలుగురూ ఎర్రఅంచులూ పచ్చపూలూ కోరుకుంటే ఈమె గోధుమ గుడ్డకు తెల్లదారం వేసి, కుట్టును దాచకుండా పైకే కనిపించేలా కుట్టేది. ఒక్కొక్క కుట్టూ నాటిన నారులా వరసగా ఉండేది. లేసు కూడా కొన్నది కాదు. దొరసానుల కోసం అల్లేటప్పుడు మిగిలిన దారపు కొసల్ని ముడేసి అల్లుకున్నది. ముడి ఎక్కడుందో వెతికినా దొరకదు.

ఆ ఏడాది ఊడ్పులు మొదలయ్యాయి. ఒకరోజు సువార్తమ్మ అత్తగారికి గంజి తీసుకుని చేలోకి వెళ్ళింది. గట్టుమీద నిలబడి చూస్తే, ఆడవాళ్ళందరూ వరసగా వంగి, వెనక్కి అడుగులేస్తూ నాట్లు వేస్తున్నారు. ఒంటిమీద చీర తప్ప మరేం లేదు. వంగినప్పుడల్లా పైట జారుతోంది. సంపూర్ణమ్మ బురదచేత్తో దాన్ని ఎగదోసుకుంటోంది, మళ్ళీ వంగుతోంది, మళ్ళీ జారుతోంది. గట్టుమీద పాలేళ్ళు నారుకట్టలు విసురుతూ, చూడనట్టు చూస్తున్నారు. రవికె లేని వీపుల మీద వాన, వాన వెలిస్తే ఎండ.

ఇంటికొచ్చి సువార్తమ్మ పెరట్లో గడ్డి గుప్పెట్లోకి తీసుకుని, వంగి, అత్తగారు నాటినట్టే నేలమీద నాటుతూ వెనక్కి నడిచింది. ఒకసారి కాదు, పెరడంతా. పక్కింటివాళ్ళు దడి మీంచి చూసి, పంతులు పెళ్ళానికి ఏదో పట్టుకుందనుకున్నారు.

మొదట కుట్టిన రవికె సంపూర్ణమ్మ తొడుక్కుని చేలోకి దిగిన అరగంటకే చంకల దగ్గర బర్రున చిరిగింది. "చెప్పేను కాదే, మనకెందుకివి!" అంటూ దాన్ని తెచ్చి కోడలి ఒళ్ళో పడేసింది. సువార్తమ్మ చిన్నబుచ్చుకోలేదు. చిరుగు ఎక్కణ్ణించి మొదలై ఎటు పాకిందో వేలితో తడుముతూ చూసింది. రెండోదానికి చంక కింద అరచేయంత నాలుగుపలకల ముక్క ఒకటి ఏటవాలుగా వేసింది. చేతులు బురదనీళ్ళు ఎక్కకుండా మోచేతికి పైనే ఆపింది. బురదచేత్తో బొత్తాం పట్టుకోలేరని ముందు వైపు రెండు తాళ్ళు పెట్టింది. మొగుడి పంచె అంచులవి. గుడ్డంతా తుమ్మచెక్కలో ఉడికింది గనక బురద మరక పడినా తెలియదు.

సాయంత్రం సంపూర్ణమ్మ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోవడానికి కూర్చుంది.

"ఎలా ఉందండి అత్తా?"

"ఇయ్యాళ ఒక్కసారి కూడా పైట సర్దుకోలేదే" అంది సంపూర్ణమ్మ. "నలభైఏళ్ళ నించి నాటుతున్నాను. రెండు చేతులూ పనిలో ఉండటం ఇదే మొదలు" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి సువార్తమ్మ చెంబు అందుకుని అత్తగారి కాళ్ళమీద తనే నీళ్ళు పోసింది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక చిట్టెమ్మ ఒక పాత చీరముక్క పట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఇంకో ముగ్గురు.

"అందరికీ నేనే కుట్టి ఇవ్వలేనండి" అంది సువార్తమ్మ. "కత్తిరింపు నాది, కుట్టు మీది. కూర్చోండి, నేర్పుతాను."

వాళ్ళకు అంకెలు రావు. అందుకని ఒక్కొక్కరికీ ఒక్కొక్క నూలుతాడు ఇచ్చింది. ఛాతీ చుట్టుకొలత దగ్గర ఒక ముడి, చేతి పొడవు దగ్గర రెండు ముళ్ళు, నడుము దగ్గర మూడు. ఎవరి కొలత వాళ్ళ ఇంటి వాసానికే వేలాడుతుంది. చిరిగినప్పుడు ఇంకొకటి కత్తిరించుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఆ ఏడాదంతా పంతులి ఇంటి అరుగుమీద సూదులు ఆగలేదు.

మరుసటి ఏడు ఊడ్పులకు పద్నాలుగుమంది ఆడవాళ్ళు తుమ్మరంగు రవికెలతో చేలగట్టుకు వచ్చారు. ఒక్కరంగు, ఒక్కతీరు. తెల్లదారపు కుట్టు వరసలు పొద్దుటి ఎండలో మెరుస్తున్నాయి. పల్లంరాజు గారు గొడుగు వేసుకుని గట్టుమీద ఉన్నారు. ఆయన చెడ్డమనిషని ఎవరూ అనరు, కానీ అలవాటు లేనిదేదీ ఆయనకు గిట్టదు.

"ఏంటే ఇది? పెళ్ళికొచ్చేరా ఊడ్పుకొచ్చేరా? అవి ఇప్పేసి దిగండి."

ఎవరూ కదల్లేదు. అందరికంటే పెద్దదైన సంపూర్ణమ్మ గట్టుమీద కూర్చుంది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే కూర్చున్నారు.

"ఇప్పమండి, అయ్యగారూ" అంది సంపూర్ణమ్మ, తల ఎత్తకుండానే. "దిగొద్దంటే దిగం. ఇవి ఏసుకుంటే పని తగ్గుద్దేమో పొద్దుగూకేదాకా చూడండి. తగ్గితే రేపు మేమే రాం."

పల్లంరాజు గారు పాలేళ్ళ వంక చూశారు. పీకిన నారుకట్టలు గట్టు పొడుగునా ఎండలో పడి ఉన్నాయి. చుట్టుపక్కల ప్రతి చేలోనూ ఊడ్పులే, వేరే కూలీలు దొరకరు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని ఊళ్ళోకి నడిచారు. ఆడవాళ్ళు లేచి మళ్ళోకి దిగారు. రోజూ పొద్దుగూకేదాకా సాగే మడి ఆ రోజు పొద్దుండగానే అయిపోయింది.

మూడోరోజున చాకలి పాపాయమ్మ పంతులి ఇంటికొచ్చి కొంగుచాటున ఉన్న మూట తీసింది. అందులో మంచి సన్నగుడ్డ, ముళ్ళు వేసిన తాడు. పంపింది పల్లంరాజు గారి భార్య రత్నమాణిక్యం గారు.

ఆమెకు మూడునెలల చంటిబిడ్డ. నరసాపురం దర్జీ ఎదటికి ఆమె రారు, అతను దూరాన్నించి చూసి అంచనాగా కుట్టేవాడు. ఏ రవికె కూడా ఆమెకు సరిగా పట్టింది లేదు. అన్నీ వెనక ముడులే గనక బిడ్డకు పాలివ్వాలంటే అవస్థ. ముందు తాళ్ళున్న రవికెల సంగతీ, ముళ్ళతాడు కొలతల సంగతీ పాపాయమ్మ చెప్పగా విన్నారు.

సువార్తమ్మ తాడును చేతుల్లో సాగదీసి చూసింది. "ఈ కొలత మనిషిది కాదు, ధాన్యపు గాదెది. చీరమీంచి తీసేరు. ఇలా కత్తిరిస్తే ఇంత మంచిగుడ్డా పాడవుద్ది." గుడ్డ మళ్ళీ మడతపెట్టి ఇచ్చేసింది. "నేనే కొలవాలని చెప్పండి."

పాపాయమ్మ బిత్తరపోయింది. పేటమనిషి ఆ ఇంటి ఇల్లాలిని ముట్టుకోవడమా! సాయంత్రానికి ఈ మాట పేటంతా పాకింది. అబ్రహాము కూడా భయపడ్డాడు.

"గుడ్డ ఎలాగో కత్తిరించి ఇచ్చేస్తే పోయేది కదా?"

"సరిపోని రవికె కుట్టి ఇస్తే నా చేతికి మచ్చండి" అంది సువార్తమ్మ.

రెండు రోజుల తరవాత, మగవాళ్ళంతా పొలాల్లో ఉన్న వేళ, కబురొచ్చింది. పల్లంరాజు గారి పెరట్లో పశువులశాల వెనక రత్నమాణిక్యం గారు నిలబడి ఉన్నారు. ఇరవైరెండేళ్ళుంటాయేమో. మొహం అలిసిపోయి ఉంది.

"ముట్టుకోకుండా కుదరదా?"

"కుదరదండమ్మా."

శాలలో ఆవు మెడగంట కదిలింది. రత్నమాణిక్యం గారు ఇంటివైపు ఒకసారి చూసి, రెండు చేతులూ పక్కలకు ఎత్తారు. సువార్తమ్మ తాడు ఆమె వీపు చుట్టూ తిప్పింది. వేళ్ళు తగిలినప్పుడు ఆమె ఒక్కసారి ఉలిక్కిపడి, తరవాత నెమ్మదించారు. ముళ్ళు వేస్తూనే సువార్తమ్మ అడిగింది, "పాపని ఏ పక్కన ఎక్కువ పట్టుకుంటారండి?"

"ఎడంపక్క. ఎందుకు?"

"ఆ పక్క భుజం కాస్త వదులు ఉంచుతానండి. లాగకుండా ఉంటాది."

రత్నమాణిక్యం గారు ఆమె వంక తేరిపార చూశారు. తన ఒంటి గురించి అంత శ్రద్ధగా అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. ఇంట్లోకెళ్ళి ఆమె అంటు పోవడానికి తలస్నానం చేసి ఉంటారు. ఆ రోజుల్లో చెయ్యకుండా ఉండరు. సువార్తమ్మ ఆ సంగతి తలచుకుని బాధపడలేదు. ఎడమ భుజం ఎంత వదలాలా అని ఆలోచిస్తూ ఇంటికి నడిచింది.

రవికె తెల్లగుడ్డతో, తెల్లలేసుతో తయారైంది. కుట్టు మాత్రం గోధుమదారంతో, పైకి కనిపించేలాగే. అది తొడుక్కుని బిడ్డను ఎత్తుకున్న భార్యను చూసి పల్లంరాజు గారు, "ఈ దర్జీ ఎవడు? బాగా కుట్టేడే!" అన్నారట.

"పేటలో పంతులు గారి భార్య అండి" అన్నారు రత్నమాణిక్యం గారు.

ఆ ఇంట్లో పేటమనిషిని 'గారు' అనడం అదే మొదలని పాపాయమ్మ చెప్పింది. తరవాత ఏ ఊడ్పుల్లోనూ రవికెల ఊసు ఆయన ఎత్తలేదు.

కొన్నేళ్ళకు చుట్టుపక్కల మెరకల్లోనూ లంకల్లోనూ తుమ్మరంగు రవికెలు కనిపించసాగాయి. నా దగ్గరే నేర్చుకున్నారని సువార్తమ్మ ఎక్కడా చెప్పుకోలేదు. కొందరు చేతులు పొడుగు చేశారు, కొందరు మెడకు చిన్న పట్టీ వేశారు. దారిలో ఎవరైనా ఎదురుపడితే ఆమె ఆగి, వాళ్ళ కుట్టు చూసి, బాగుంటే బాగుందని మొహమ్మీదే చెప్పేది.

ఒకనాడు చిట్టెమ్మ చేలోంచి వస్తూ, గంజి తీసుకొస్తున్న సువార్తమ్మకు ఎదురుపడి గట్టుమీద నిలబడి, రవికెలో ఎక్కణ్ణించో చుట్ట తీసి నోట్లో పెట్టుకుంది. ఎడమపక్క చంక కిందుగా, కుట్టులో కలిసిపోయేలా, చిన్న జేబు. వాన తగలదు, వంగినా పడదు.

"ఇది నేను నేర్పలేదే!" అంది సువార్తమ్మ.

"నువ్వు చుట్ట కాల్చవు కదమ్మాయ్, నీకెలా తడుద్ది?" అంది చిట్టెమ్మ గర్వంగా.

సువార్తమ్మ పడీపడీ నవ్వింది. తరవాత గంజికుండ గట్టుమీద దింపి, ఆమె చెయ్యి పైకెత్తించి, ఆ జేబు మూతి ఎలా మడిచిందో వేలు పెట్టి చూడసాగింది.

"జేబు కుట్టు మొత్తం ఇప్పి చూపించండి చిట్టెమ్మ గారూ. ఈసారి నేను నేర్చుకుంటాను."