మంద కట్టిన సాయంత్రం

బాపట్ల నుంచి సూర్యలంక పోయే దారిలో ఇసుకచేను సాగుచేసే చెంచురామయ్య, కాఫీ హోటలు బల్లను సింహాసనంగా చేసుకొని, పేడయుగం ముగిసిందని ఏనాడో ప్రకటించి ఉన్నాడు. "పేడ తాతలనాటి మాటండీ. బస్తా విప్పామా, చల్లామా, అంతే!" అని ఆయన సెలవియ్యగా సభ టీ గ్లాసులెత్తి హర్షించింది. ఈ శాసనాన్ని ఇసుక ఒక్కటే శిరసావహించలేదు. చల్లిన ఎరువును నీటితోపాటు పాతాళానికి సాగనంపి, వేరుశనగ కాయల్లో గింజకు బదులు గాలిని నింపింది.

"ఈ ఏడు కూడా తాలుకాయలే అయితే చేనంతా సర్వితోట వేసేద్దాం, కట్టెలన్నా అమ్ముకోవచ్చు" అంది భార్య రంగమ్మ. ఆమె తీర్పుకు అప్పీలు లేదు. మొక్క పీకి, మట్టి దులిపి, పచ్చికాయ నోట్లో వేసుకోవడంలోనే మోక్షముందని నమ్మిన చెంచురామయ్యకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

తెల్లారి వెళ్లి అడిగితే వ్యవసాయాధికారి చల్లగా ఉపాయం చెప్పాడు. "ఇసుకలో బస్తా ఎరువొక్కటే నిలవదండి. ముందు రాత్రిపూట చేలో గొర్రెలమంద కట్టించండి, వాటి పేడ ఇసుకలో నిలుస్తుంది. ఆ మీద ఎరువు కాస్త తగ్గించి వెయ్యండి, పూతకి జిప్సం. రెండూ ఉండాలండి."

శాస్త్రాన్ని చెంచురామయ్య ఒప్పుకున్నాడు. కాఫీ హోటలుకు తెలియడానికి మాత్రం ఒప్పుకోలేదు. 1986 వేసవిలో కాపరి కోటయ్యతో సంధి కుదిరింది: రాత్రంతా మంద చేలో పడుకోవాలి. అది రహస్యమన్న షరతు మాత్రం చెప్పలేదు. ప్రభువులు సిగ్గుపడుతున్నారని కాపరికి తెలియడం కూడా అవమానమే కదా.

పొద్దువాలుతుండగా మంద దిగింది. వెంటనే గట్టుమీద పక్కచేను ఆసామి, బావమరిది బసవపున్నయ్య ప్రత్యక్షమయ్యాడు.

"ఏంటి బావా, బస్తాలకి కాళ్లొచ్చాయా?"

చెంచురామయ్య పౌరుషం ఆయన కంటే ముందు మాట్లాడింది. "కోటయ్యా! ఎవరు తోలమన్నారయ్యా నా చేలోకి? తోలవతలికి!"

"మీరేగదండి నిన్న..."

"తోలమంటుంటే!"

"మా చేలోకి తోలుకో కోటయ్యా. మాకు పట్టింపుల్లేవులే" అన్నాడు బసవపున్నయ్య.

మంద గట్టు దాటింది. తెల్లవారితే అది వేమూరు కాలవల వైపు వెళ్లిపోతుంది. విత్తనం వేసేలోగా ఇటు మరో మంద రాదు. పరాయి ఇసుకమీద గొర్రెలు ఉదారంగా ప్రసాదిస్తున్న సంపదను చూస్తూ చెంచురామయ్య కాసేపు నిలబడ్డాడు. పరువు ఇటు, చేను అటు. చివరకు చెప్పులు చేతబట్టుకొని గట్టు దిగాడు.

"పున్నయ్యా, ఆ మంద నాది. నేనే పిలిచా."

"గట్టిగా చెప్పు బావా, రోడ్డుమీద వాళ్లకి వినపళ్లా."

కూలి ముగించుకొని ఇళ్లకు పోతున్నవాళ్లు అప్పటికే ఆగారు. "పేడ కావాలి! బస్తాతోపాటు పేడా కావాలి! చాలా?" అని చెంచురామయ్య సముద్రానికి సైతం వినిపించేలా చాటాడు.

బసవపున్నయ్య నవ్వబోయి ఆగి, గొంతు తగ్గించాడు. "సగం నాకుంచు బావా. నాదీ ఇసకేగా. అడగడానికి మొహమాటపడి చస్తున్నా."

కోటయ్య మందను రెండుగా చీల్చాడు. చెంచురామయ్య తలగుడ్డ విప్పి ఝళిపిస్తూ, తనవంతు గొర్రెలను తనే తోలుకొని నలుగురి ఎదుటా గట్టు దాటాడు.