చిలకపచ్చ మాటిజ్

మా నాయినకూ నాకూ ఒక పిచ్చి ఉంది. అమ్మ దాన్ని తుక్కు పిచ్చి అంటుంది. ఎవరికీ అక్కర్లేని పాత చిన్న కార్లు రోడ్డు మీద ఇంకా తిరుగుతూ కనిపిస్తే మాకు ప్రాణం లేచొస్తుంది. అంబాసిడర్, పద్మిని మా లెక్కలోకి రావు. వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు బోలెడు మంది. మారుతి ఎయిట్ హండ్రెడ్ కూడా రాదు, దాన్ని చూసి నిట్టూర్చని మనిషి మేడ్చల్‌లో లేడు. మాకు కావలసినవి మాటిజ్, ఊనో, ఎస్టిలో, మొదట్లో వచ్చిన ఇండికా. కొన్న రోజునే "గిదెందుకు కొన్నవ్ రా" అనిపించుకుని, అమ్మబోతే కొనేవాడు లేక, అలా ఇంటివాళ్ళతో ఉండిపోయినవి.

నాయిన పేరు గౌరయ్య. మేడ్చల్‌లో కార్ల సీట్లకు రెగ్జిన్ కవర్లు కుట్టే దుకాణం ఉంది. ఆయన ఏ కారునైనా సీటును బట్టే గుర్తుపెట్టుకుంటాడు. "గా ఊనో యాదికున్నదా బిడ్డా? వెనక సీట్ల మేకపిల్లల్ని ఎక్కించుకొచ్చిండు. ఎంత కడిగినా వాసన పోలే!" అంటాడు. తెచ్చినవాడి పేరు మాత్రం చచ్చినా గుర్తుండదు. నాదీ అదే జబ్బు. కారు మొహం చూస్తాను గానీ నడిపే మనిషి మొహం చూడను.

నేను తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీలో ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున మా కంపెనీ బస్సు శామీర్‌పేట మీదుగా పోతుంది. చౌరస్తాకు చాలా ముందే, ఒక మటన్ దుకాణం పక్కన, రోజూ ఒక చిలకపచ్చ మాటిజ్ ఆగుతుంది. ఎండకు వెలిసిపోయి, బానెట్ మీద రంగు పెచ్చులూడి ఉంటుంది. అందులోంచి ఎవరో దిగుతారు. తలుపు కుంగిందేమో, దాన్ని కాస్త పైకి లేపి, అప్పుడు నెట్టి వేసి, చౌరస్తా వైపు నడిచిపోతారు. చౌరస్తాలో అంత జాగా పెట్టుకుని ఇక్కడ దిగి నడవడమెందుకో నాకు అర్థమయ్యేది కాదు. "ఉన్నది నాయినా!" అని మెసేజ్ పెడితే ఆయన దండం బొమ్మ పంపేవాడు. అది కనిపించిన రోజు నాకు బాగుండేది.

ఇంతలో సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు శ్రవణ్, శామీర్‌పేటలో బ్యాంకు ఉద్యోగం. అమ్మ నన్ను వంటింట్లో నిలబెట్టి వేలు చూపించింది.

"చూడు భవితా, పోయినసారి బౌరంపేటోళ్ళు వస్తే నువ్వేం జేసినవ్? గంత పెద్ద కార్ల దిగినోణ్ణి పట్టుకొని, దీనికి ముందల మీకు ఏం కారుండె అని అడిగినవ్. వాళ్ళు మళ్ళ మొఖం జూపియ్యలే. గీసారి నోట్లెకెళ్ళి కారు అన్న మాట వచ్చిందంటే, తండ్రిబిడ్డలిద్దరు దుకాణంలనే పండుకోండి!"

సరేనన్నాను. నాకు మాత్రం పెళ్లి వద్దా ఏంటి? కావాలి. కాకపోతే నోరు కట్టుకుని బతకనక్కర్లేని మనిషి కావాలి. అంతకంటే పెద్ద కోరికలేమీ లేవు నాకు.

ఆదివారం పొద్దున మా గల్లీని సగం ఆక్రమించుకుని ఒక తెల్లటి పెద్ద కారు వచ్చి ఆగింది. ముగ్గురు దిగారు. నడుపుతున్నది అబ్బాయి మేనమామ. వెనకనుంచి తెల్ల చొక్కాలో అబ్బాయి తండ్రి బాలరాజు. ముందు సీట్లోంచి శ్రవణ్. కిటికీ తెర పక్కనుంచి చూస్తున్నాను. శ్రవణ్ దిగి, ఆ కొత్త కారు తలుపును కాస్త పైకి లేపి, అప్పుడు నెట్టి వేశాడు.

అరే, ఇతనే! మటన్ దుకాణం పక్కన దిగేది ఇతనే! రోజూ చేసి చేసి చేతికి అలవాటైపోయింది, కొత్త కారైనా చెయ్యి ఊరుకోలేదు. ఈ పెద్ద బండి మేనమామదన్నమాట. మేమేమో కార్ల మాట దాస్తున్నాం, వాళ్ళేమో ఏకంగా కారునే దాచి వచ్చారు. ఇంతకంటే జోడీ ఎక్కడ దొరుకుతుంది? నవ్వాపుకోలేక పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అక్కడికక్కడే మనసులో సగం ఒప్పేసుకున్నాను కూడా.

పిల్లలు మాట్లాడుకుంటారని మమ్మల్ని మిద్దె మీదికి పంపారు. ఉద్యోగాలయ్యాయి, చదువులయ్యాయి. మంచివాడిలాగే ఉన్నాడు. ఇక ఆగలేకపోయాను.

"ఒకటడుగుత, ఏమనుకోవద్దు. మీరు రోజూ చౌరస్తా కంటె ముందల, చిలకపచ్చ మాటిజ్‌లకెళ్ళి దిగుతరు గదా?"

అతని మొహం ఎర్రబడింది. సిగ్గుపడి నవ్వుతాడనుకున్నాను. నేనూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఓ, అదా అండీ? అదెవరో ముసలాయన. మా కాలనీలోనే ఉంటాడు. అటువైపు పోతుంటే లిఫ్ట్ ఇస్తుంటాడు. వద్దంటే ఫీలవుతాడని ఎక్కుతాను," అన్నాడు.

ఉత్సాహం మీద నీళ్ళు పోసినట్టయింది. పోనీలే, కారు వాళ్ళది కాకపోతే ఏం, పెద్దమనిషి మాట కాదనలేక ఎక్కుతున్నాడు, అదీ మంచితనమేగా అని సర్దిచెప్పుకుంటూ కిందికి దిగాను.

కింద మిర్చి బజ్జీలు నడుస్తున్నాయి. అమ్మ ఎంత కళ్ళురిమినా నాయిన అప్పటికే ఆగలేకపోయినట్టున్నాడు.

"...మా బిడ్డకు పాత కార్లంటే పానం బావా! మీ శామీర్‌పేటల ఒక మాటిజ్ ఉన్నదట, చిలకపచ్చది. అది అవుపడని రోజు పొద్దుగూకెదాక మొఖం ముడుచుకుంటది."

బాలరాజు చేతిలోని బజ్జీ ప్లేట్లో పెట్టేశాడు. కళ్ళు ఇంతింత చేసుకుని నావైపు చూశాడు.

"మాటిజా? గది మా బండే గద బిడ్డా! మా ఇంటామె డ్రైవింగ్ నేర్చుకున్నది దాంట్లనే. ఆమె పోయినంక అందరు అమ్మెయ్ అమ్మెయ్ అంటరు గని, నాకు మనసొప్పుతలేదు. రోజు పొద్దుగాల మా శ్రవణ్‌ను దింపేది నేనే. చౌరస్తా దాక వస్తనంటే వద్దంటడు. ట్రాఫిక్‌ల నీకు తక్లీఫ్ అయితది డాడీ, నేను నడుస్త అంటడు. తండ్రంటే గంత ఫికర్ వానికి!"

మేనమామ దగ్గాడు. శ్రవణ్ ఫోన్లోకి తల దూర్చాడు. ఒక్కసారి తలెత్తి నా వంక చూశాడు, చెప్పొద్దన్నట్టు. నేను వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. బాలరాజు మాత్రం వెలిగిపోతున్న మొహంతో, బండికి ఏ పార్టు ఎక్కడ వెతికి తెచ్చాడో నాయినకు చెబుతూనే ఉన్నాడు. మామయ్య దొరికాడు గానీ మొగుడు దొరకలేదు అనుకున్నాను. ఏడుపొచ్చింది.

వాళ్ళు వెళ్ళాక వద్దన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. "పాత కారు లేనోన్ని ఎల్లగొడితివి, ఉన్నోన్నేమో వద్దంటున్నవ్. నీతోటి నేను వేగలేనే తల్లీ!" అని గిన్నెలు ఎత్తేసింది. అసలు సంగతి దుకాణంలో నాయినకు ఒక్కడికే చెప్పాను. ఆయన కత్తెర పక్కన పెట్టాడు. తర్వాత వాళ్ళకు ఫోన్ చేసి, పిల్ల ఇప్పుడే చేసుకోనంటుందని మర్యాదగా చెప్పాడు.

మర్నాడు సాయంత్రం నేను దుకాణంలో ఉండగా నాయిన ఫోన్ మోగింది. బాలరాజు. నాతో మాట్లాడాలన్నాడట. నాయిన ఫోన్ నా చేతికిచ్చాడు.

"బిడ్డా, కోపం చేయకు. గా కారు సంగతి నేను చెప్పకుంటె అయిపోతుండె. మావోడు గూడ గదే అంటాండు, నీ డబ్బా బండి ముచ్చటతోనే సంబంధం పోయిందని. నాది తప్పే. రేపు వచ్చి తీస్కపొమ్మని తుక్కు కొనేటోనికి చెప్పిన. బండి పోతది, ఇంకొక్కసారి ఆలోచన చెయ్యి తల్లీ."

మామయ్యా అనబోయి నాలుక కరుచుకున్నాను.

"వద్దు అంకుల్! మీ కారుతోటి గాదు. ఒట్టు! ఆ బండి మీదేననుకున్నప్పుడే నేను మనసుల సగం ఒప్పుకున్న. మిద్దె మీద మీ అబ్బాయిని అడిగిన గూడ, దాంట్లకెళ్ళి దిగేది తనే గదా అని."

"అడిగినవా? ఏమన్నడు?"

అబద్ధం ఒక్కటి దొరికితే బాగుండుననిపించింది, దొరకలేదు. నాయిన నా మొహమే చూస్తూ నిలబడ్డాడు.

"నడిపేటాయన ఎవరని చెప్పిండు బిడ్డా?" అన్నాడు బాలరాజు మెల్లగా.

అప్పటికీ నా నోరు పెగల్లేదు. అవతల రోడ్డు మీద బండ్ల చప్పుడు వినిపిస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సమజైంది తల్లీ. కారు అమ్మను. రేపటి సంది వాన్ని బస్సుల పొమ్మంట."