పేశ్య పలకని పిలుపు

పేశ్యను ఎవరైనా పిలవడమే ఆలస్యం, "ఇక్కడే ఉన్నా!" అని ఇల్లదిరేలా పలుకుతుంది. స్నానాల గదిలో ఉన్నా, కునుకు తీస్తున్నా, నోటినిండా రొట్టె ఉన్నా సరే. ఇజ్రాయెల్‌లోని హోలోన్ పట్నంలో ఆ మూడంతస్తుల మేడ మొత్తానికీ అదో వేడుక. "మా అమ్మ సైన్యంలో చేరాల్సిన మనిషి" అని కూతురు ఓఫ్రా అందరి ముందూ ఆటపట్టిస్తుంది.

ఆ మధ్యాహ్నం మనవరాలు వర్దిత్ బడి నోటుపుస్తకం పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. పన్నెండేళ్ల పిల్లలంతా తమ కుటుంబం కథ రాసుకురావాలట.

"అమ్మమ్మా, మీ చెల్లి రెయిజ్‌ల్ పేరే కదా హీబ్రూలోకి మార్చి నాకు పెట్టారు, గులాబీ అని? తను ఎలా చనిపోయింది?"

"జ్వరమొచ్చి," అంది ఓఫ్రా వంటింట్లోంచి. "టైఫస్ అని రాసుకో. అమ్మా, నువ్వేం మొదలుపెట్టకు. అది చిన్నపిల్ల."

"అప్పుడు నాకూ దీని వయసేనే," అంది పేశ్య.

యాభై రెండేళ్లుగా తను చెబుతూ వచ్చిన అబద్ధం మీద ఆమెకు ఒక్కసారిగా అసహ్యం పుట్టింది. రేపు తను పోతే చెల్లెలు జ్వరంతోనే పోయినట్టు మిగిలిపోతుంది. చంపినవాడు ఏ పాపమూ ఎరగనట్టే.

"రాసుకో. జ్వరం కాదు, గొడ్డలి."

అవి పోలండ్‌లో వాళ్ల ఊళ్లో జర్మన్లు యూదులను వెతికి వెతికి చంపుతున్న రోజులు. నాన్న, ఇద్దరు పిల్లలు పశువులపాకలో గడ్డికింద దాక్కున్నారు. ఆ చోటు జర్మన్లకు పట్టించినవాడు వాత్సెక్, ఏటా వాళ్ల ఇంటికప్పు బాగుచేసే పొరుగువాడు. నాన్నను వాకిట్లోకి ఈడ్చి, మోకాళ్లమీద కూలదోసి, గొడ్డలి వెనకవైపుతో దవడ పగలగొట్టాడు. నాన్న అతని పేరు పెట్టి ఏదో బతిమాలబోయాడు. పళ్లు, నెత్తురు తప్ప మాట రాలేదు. రెండో దెబ్బ మెడమీద పడింది. గొడ్డలి ఎముకలో ఇరుక్కుంటే, భుజాన్ని కాలితో తొక్కిపట్టి లాగాడు. పక్కన ఒక జర్మన్ పోలీసు సిగరెట్ కాలుస్తూ చూస్తున్నాడు.

తొమ్మిదేళ్ల రెయిజ్‌ల్ అది చూడలేక గడ్డిలోంచి లేచి పరుగెత్తింది. వాత్సెక్ జడ దొరకబుచ్చుకున్నాడు.

"నన్ను పిలిచింది," అంది పేశ్య. "'పేశ్యా! పేశ్యా!' అని. నేను నోట్లో గడ్డి కుక్కుకున్నానే తల్లీ, పలకలేదు. మూడోసారి సగం పేరే వినిపించింది."

పెన్సిల్ ఆగిపోయింది. వర్దిత్ లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. వంటింటి గుమ్మంలో ఓఫ్రా నీళ్లు కారుతున్న గిన్నెతో అలాగే నిలబడిపోయింది.

"నాకు కూడా చెప్పలేదేం అమ్మా?"

పేశ్య మూసిన తలుపువైపే చూస్తోంది. ఆ పేరు పెట్టుకున్న పిల్ల ఇక తన మొహం చూడదనుకుంది.

"అమ్మమ్మా!" గదిలోంచి పిలుపు.

పేశ్య పలకలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ జరగని సంగతి అది.

"అమ్మమ్మా! ఎక్కడున్నావ్?"

"ఇక్కడే... ఇక్కడే ఉన్నా."

తలుపు తెరుచుకుంది. వర్దిత్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. వచ్చి అమ్మమ్మ ఒంటికి ఆనుకుని కూర్చుని పుస్తకం తెరిచింది.

"పెన్సిలైతే చెరిగిపోతుంది, పెన్ను తెచ్చుకున్నా. వాత్సెక్ ఇంటిపేరేంటో చెప్పు."

పేశ్య చెప్పింది.