గుద్దుకున్న కారు బ్రేకులు

తుక్కు దుకాణం వెనక పడి ఉన్న ఆ రేసుకారును ఆమె చూడకపోయినా బాగుండేది. చంకలో పాప ఏడుపు అందుకుంటే ఊరుకోబెడదామని అటు నడిచింది. లోపల ఆమె భర్త, తమ రేసుకారుకు వేద్దామని, ఆ కారు నుంచే ఊడదీసిన ముందు బ్రేకు డిస్కులు రెండింటినీ బేరమాడుతున్నాడు.

"వెనకనుంచి ఎవడో గుద్దాడు సార్. ముందు సామాను చెక్కుచెదరలేదు," అంటున్నాడు దుకాణదారు.

ఆమె కళ్లెదుట ఉన్న కారుకు వెనక గీటు కూడా లేదు. ముందు భాగమే నలిపి పారేసిన కాగితంలా ఉంది. ఆగాల్సినచోట ఆగి ఉంటే అలా అవుతుందా?

దారిలో ఆ మాటే అంది. "రేసులో గుద్దుకోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. ఊరికే బెంబేలెత్తకు, ఇంటికెళ్లి పరీక్ష చేస్తాగా," అన్నాడు భర్త.

నడిపేది ఆయనైతే ఒక తీరు. నడపబోయేది ఆమె తమ్ముడు. తల్లి పోయాక ఆమె బడి మానేసి తన చేతులమీదుగా పెంచినవాడు.

ఇంటి వెనక షెడ్డులో భర్త ఒక డిస్కుకు కిరసనాయిలు పట్టించి, కాసేపాగి, పొడిగుడ్డతో తుడిచి, పాప పౌడర్ చల్లాడు. పగులుంటే అందులోకి ఇంకిన కిరసనాయిలు పైకి ఊరి, పౌడర్ మీద తడి గీత తేలుతుంది. ఏమీ తేలలేదు. రెండోదాని జోలికి పోలేదు.

"ఒకే కారువి, కవలపిల్లల్లాంటివి. ఒకటి బాగుంటే రెండోదీ బాగున్నట్టే," అని రెండూ బిగించేశాడు.

మర్నాడు ఉదయం తమ్ముడు వచ్చి డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఒక ముందు చక్రం ఇంకా పెట్టలేదు. జాకీ మీద లేచి ఉన్న ఆ పక్కన, పరీక్ష కాని డిస్కు ఆమెకేసి చూస్తున్నట్టే ఉంది. ఇక ఉండబట్టలేక పౌడర్ డబ్బా పక్కన పెట్టుకుని, గుడ్డ కిరసనాయిల్లో ముంచి కింద చతికిలబడింది.

"అక్కా, స్నానం చేయించి పౌడర్ కూడా పూస్తున్నావా? జడ కూడా వేసెయ్ మరి," అన్నాడు తమ్ముడు.

"దానికి జుట్టు లేదురా, ఉంటే వేసేదే," అని నవ్వాడు భర్త.

ఆమె డిస్కుకు కిరసనాయిలు పట్టించి, కాసేపాగి, పొడిగుడ్డతో తుడిచింది. పౌడర్ చల్లి, వంగి చూసింది. ముందు ఏమీ లేదు. ఆ తర్వాత బోల్టు పక్కనుంచి అంచుదాకా, వెంట్రుకవాసి గీత ఒకటి మెల్లగా తడిసి నల్లబడింది.

"ఏమండీ," అంది.

భర్త వంగి చూశాడు. తుడిచి మళ్లీ పౌడర్ చల్లాడు. గీత మళ్లీ వచ్చింది. ఆయన పానా అందుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. పానా రెండుసార్లు జారింది.

"పోనీలే బావా, ముందే దొరికింది కదా," అన్నాడు తమ్ముడు, స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తూ.

ఆమె మాత్రం చేతిలో గుడ్డ కింద పెట్టలేదు. ఇంకో మాట అడగాలి. అడగడానికే భయంగా ఉంది.

"ఆ కారువి మన కారులో ఇంకేమేం పెట్టారు?"

భర్త తలెత్తలేదు.

"స్టీరింగ్," అన్నాడు. "చేత్తో తిప్పే చక్రం నుంచి కింది రాడ్డుదాకా, మొత్తం."

దరువు ఆగిపోయింది. తమ్ముడు చేతులు రెండూ నెమ్మదిగా పైకెత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.